బీటెక్ మధ్యలోనే జర్మన్ మొదలవ్వాలి

2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి వీసా ఇంటర్వ్యూలకు కొత్త తేదీలు ఇవ్వడం ఆపేసింది. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా, సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించింది. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పిల్లల్ని ఇంజినీరింగ్ చదివిస్తున్న ఇళ్లకు ఈ రెండు వార్తలూ గట్టిగానే తగిలాయి. అమెరికా కాకపోతే ఎక్కడికన్న ప్రశ్నకు ఇప్పుడు ముందుగా వస్తున్న జవాబు జర్మనీ. 2023-24 శీతాకాల సెమిస్టర్‌కే అక్కడ 49 వేల మందికి పైగా భారతీయులు చదువుతున్నారు. విదేశీ విద్యార్థుల సంఖ్యలో చైనాను దాటి మనవాళ్లే ముందున్నారు. 2024 అక్టోబరులో జర్మనీ ప్రభుత్వం భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని కూడా చెప్పింది.

జర్మనీ గురించిన ప్రచారమంతా ‘అక్కడ చదువు ఉచితం’ అనే మాట మీద నడుస్తోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. అయితే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర 2017 నుంచీ సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2024 శీతాకాలం నుంచి పీజీకి సెమిస్టర్‌కు 4,000 నుంచి 6,000 యూరోలు వసూలు చేస్తోంది. ఫీజు లేనిచోట కూడా వీసా కావాలంటే ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ ఖాతాలో ముందే వేయాలి. అందులోంచి నెలకు 992 యూరోలు చేతికొస్తాయి. యూరో వంద రూపాయలనుకున్నా ఇది దాదాపు పన్నెండు లక్షలు. దీనికి ముందు డిగ్రీ పత్రాలు నిజమైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ తీసుకోవాలి. 2022 నవంబరు 1 నుంచి అది తప్పనిసరి, రుసుము 18 వేల రూపాయలు.

పన్నెండు లక్షలు కృష్ణా డెల్టా రైతు ఎక్కణ్నుంచి తెస్తాడన్నదే అసలు ప్రశ్న. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వరంగ బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. ఎకరం విలువ ఎంత పలికినా మాగాణిని చాలా బ్యాంకులు హామీగా ఒప్పుకోవు. బాకీ వసూలుకు బ్యాంకుల చేతిలో ఉన్న సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు మరి. ఊళ్లో డాబా లేని కుటుంబానికి మిగిలేది ప్రైవేటు అప్పు. రెండు రూపాయల వడ్డీకి పన్నెండు లక్షలు తెస్తే నెలకు 24 వేలు వడ్డీకే పోతుంది. జర్మనీలో 2026 కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. ఆ లెక్కన అక్కడ పిల్లవాడు నెలలో పదిహేడు గంటలకు పైగా ఇంట్లో వడ్డీ కోసమే పనిచేయాలి. చదువుకునేవాళ్లు ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకోవచ్చని 2024 మార్చి నుంచి చట్టం అనుమతిస్తోంది. కానీ అనుమతి వేరు, పని దొరకడం వేరు. దుకాణంలోనైనా హోటల్లోనైనా యజమాని మాట అర్థం కానివాడికి పని దొరకడం కష్టం. ‘ఉచిత’ చదువు లెక్క ఇక్కడికొచ్చేసరికి భాష దగ్గర ఆగుతుంది.

కృష్ణా డెల్టా నుంచి పైచదువులకు సముద్రం దాటడం వందేళ్ల పైబడిన సంగతి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఎడింబరో వెళ్లారు. తెనాలిలో స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి న్యాయశాస్త్రం చదివింది డబ్లిన్‌లో. నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి.రంగా ఆక్స్‌ఫర్డ్‌లో చదివి వచ్చారు. వాళ్లకు ఆ దేశాల్లో నడిచే ఇంగ్లిషు ఓడ ఎక్కకముందే వచ్చు. అమెరికా, ఆస్ట్రేలియా వెళ్లిన తర్వాతి తరాలకూ అంతే. ఒక తరం అనుభవం ఇంకో తరానికి పనికిరాని దారి మనవాళ్లకు జర్మనీతోనే ఎదురైంది.

ఇంగ్లిషులో బోధించే పీజీ కోర్సులు అక్కడ వందల్లో ఉన్నాయి కదా, జర్మన్ ఎందుకని చాలామంది అడుగుతారు. ఐఈఎల్‌టీఎస్ స్కోరుతో సీటు వచ్చేమాట నిజమే. తరగతి బయట మాత్రం అద్దె ఒప్పందం, వైద్యుడి చీటీ, నివాస అనుమతి కార్యాలయం పంపే ఉత్తరం అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు గడువిస్తారు. బెర్లిన్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఇంగ్లిషుతో నెట్టుకురావచ్చు. మెకానికల్, ఎలక్ట్రికల్, ఆహార సాంకేతిక రంగాల్లో ఎక్కువ ఉద్యోగాలిచ్చేవి చిన్న పట్టణాల్లోని మధ్యతరహా కంపెనీలు. అక్కడ షాప్‌ఫ్లోర్‌లో నడిచేది జర్మనే. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉంది, ఆ ఊళ్లోనే ఆహార సాంకేతిక, వ్యవసాయ ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి. అక్కడ చదివే పిల్లలకు వ్యవసాయ శాస్త్రాలు నేర్పే హోహెన్‌హైమ్, గోటింగెన్ వంటి విశ్వవిద్యాలయాలు నిజంగా సరిపోయే చోట్లు. కానీ పరిశోధన పొలంలో అక్కడి రైతుతో జర్మన్‌లో మాట్లాడలేకపోతే ఆ చదువు సగమే.

భాషకు పట్టే కాలాన్ని జర్మన్ నేర్పే గోథే ఇన్‌స్టిట్యూట్ లెక్కగట్టి చెబుతోంది. రోజువారీ పనులు నెట్టుకురాగల బీ1 స్థాయికి 45 నిమిషాల పాఠాలు 350 నుంచి 650 వరకు కావాలి. రోజుకు గంట చొప్పున ఒక్కరోజూ మానకుండా చదివినా తొమ్మిది నెలల నుంచి ఏడాది నాలుగు నెలలు పడుతుంది. మన పిల్లలు జర్మన్ గురించి ఆలోచించేది చివరి సెమిస్టర్‌లో. శీతాకాల ప్రవేశాలకు చాలా కోర్సుల గడువు జూలై 15, కొన్నింటికి ఇంకా ముందే. ఏపీఎస్, దరఖాస్తులు, బ్యాంకు, వీసా అన్నీ ఆ కొద్ది నెలల్లోనే మీద పడతాయి. అందుకే రెండు నెలల్లో మొదటి మెట్టైన ఏ1 ముగించేసి, మిగతాది అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అని విమానం ఎక్కేస్తారు. వెళ్లాక ఓ పక్క తరగతులు, ఇంకో పక్క పార్ట్‌టైం పని. కొత్త భాషకు తీరిక ఎక్కడిది?

మార్కుల సంగతీ అంతే. మన సీజీపీఏను జర్మనీవాళ్లు వాళ్ల కొలమానంలోకి మార్చుకుంటారు. అక్కడ 1 అత్యుత్తమం, 4 పాస్. పదికి ఏడున్నర వచ్చి, పాస్ గ్రేడు 5 అయితే అది 2.5 అవుతుంది, చాలా కోర్సులు గీత గీసేది సుమారు అక్కడే. ఇది తెలిసేది చివరి ఏడాదిలోనైతే దిద్దుకోవడానికి సెమిస్టర్లు మిగలవు. అప్పుడు కన్సల్టెన్సీలు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చూపిస్తాయి. వాటికి ఏడాదికి లక్షల్లో ఫీజు. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో చేర్పిస్తే కన్సల్టెన్సీకి కమిషన్ రాదు, వాటిలో చేర్పిస్తే వస్తుంది. తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సిన విషయమిది.

జర్మన్ మనకు అంత పరాయిదేమీ కాదు. తెనాలి-రేపల్లె రైలు మార్గంలోని భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ వెలికితీసిన ధాతు కరండాల మీది శాసనాలను చదివి, 1894లో ప్రకటించింది గోటింగెన్‌లో చదివిన జర్మన్ పండితుడు గేఆర్గ్ బ్యూలర్. ఆయన మన లిపులు నేర్చుకోగలిగితే మన పిల్లలు ఆయన భాష నేర్చుకోలేరా? ఇబ్బందల్లా దాన్ని ఇంగ్లిషు మీదుగా నేర్పడంలోనే ఉంది. జర్మన్‌లోని నాలుగు విభక్తులు మనకు తెలిసిన ప్రథమ, ద్వితీయ, చతుర్థి, షష్ఠిలకు దగ్గరివి. జర్మన్ ఉపవాక్యంలో క్రియ చివరికి పోవడం ఇంగ్లిషు వాక్యానికి అలవాటుపడ్డవాళ్లను తికమకపెడుతుంది. మన వాక్యం మామూలుగా అలాగే ముగుస్తుంది. పొడుగాటి జర్మన్ పదాలు తత్పురుష సమాసాల్లా కూర్చినవి, ఆఖరి పదాన్ని బట్టే లింగం. నిజంగా కష్టమైనది ఆ లింగమే. మనకు వస్తువులన్నీ అమహత్తే. జర్మన్‌లో బల్ల పుంలింగం, దీపం స్త్రీలింగం, పుస్తకం నపుంసకం. దానికి బట్టీ తప్ప మార్గం లేదు. ఆరో తరగతిలో విభక్తులు నేర్చిన పిల్లవాడికి తెలుగు వ్యాకరణం మీదుగా జర్మన్ చెప్పే పుస్తకం ఒకటి ఉండాలి.

జర్మన్ పరీక్ష రాయడానికి హైదరాబాదో చెన్నయో వెళ్లడం పెద్ద కష్టం కాదు, రేపల్లె నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి హైదరాబాదు. నేర్చుకోవడం మాత్రం ఊళ్లోనే జరగాలి. బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల వంటి స్వయంప్రతిపత్తి సంస్థలు తమ పాఠ్యప్రణాళిక తామే రాసుకుంటాయి. రెండో ఏడాది నుంచి మూడు సెమిస్టర్ల పాటు క్రెడిట్లతో జర్మన్‌ను ఐచ్ఛికం చేయడానికి అవి విశ్వవిద్యాలయం కోసం ఎదురుచూడక్కర్లేదు. రేపల్లె ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటివాటికి ఆ వెసులుబాటు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం కల్పించాలి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం జర్మన్‌లో పట్టభద్రుల్ని తయారుచేస్తూనే ఉంది. తెనాలి నుంచి రేపల్లె గానీ బాపట్ల గానీ గంట ప్రయాణం. మూడు ఊళ్ల కళాశాలలు కలిసి జీతమిస్తే, వారంలో రెండేసి రోజులు ఒక్కో ఊళ్లో పాఠం చెప్పే ఒక్క అధ్యాపకుడితోనే వచ్చే విద్యాసంవత్సరం దీన్ని మొదలుపెట్టవచ్చు.