పసివాని తొలి పుస్తకము

విశాఖపట్టణమున జాలరిపేట బాలుడు బడికి రాకమునుపే తెప్పను, వలను, రొయ్యను, చందువను ఎరుగును. అట్టివానికి ‘ర’కు రథమును, ‘వ’కు వజ్రమును చూపు పుస్తకము నిచ్చినచో, అక్షరమును క్రొత్తదే, బొమ్మయు క్రొత్తదే. పసిమనస్సు దేనిని ఊతగా గొనును? ‘ఈ చదువు మావంటివారిది కాదు’ అను తలంపు నాటుకొన్నయెడల, బడికంటె ఒడ్డే మేలని వానికి తోచుట వింత కాదు.

ఈ సంగతిని మున్నే గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940). వారు పర్లాకిమిడి ప్రాంతమున సవరల భాషను తాము నేర్చి, ఆ బిడ్డలకు ఆ భాషలోనే వాచకములు వ్రాసిరి. తెలిసినదాని మీదుగా తెలియనిదానికి కొనిపోవుటయే వారి మార్గము.

కావున పేటలోని పసివాని తొలి పుస్తకమున ‘ర’కు రొయ్య, ‘వ’కు వల యుండవలెను. అయినను బిడ్డను ఒడ్డుననే కట్టివేయరాదు. రెండవ పుస్తకమున అడవియు, ఎడారియు, మంచుకొండయు కానరావలెను.

బాలలారా! మీ తమ్మునికో చెల్లెలికో పుస్తకము కొనునపుడు అట్ట తళుకును చూచి మోసపోకుడు. ఒక పుట చదివి వినిపింపుడు. తరువాతి పుట త్రిప్పుమని బిడ్డ తొందరపెట్టినచో, అదియే కొనదగిన పుస్తకము.