మోటారుకార్ల త్వరణము: నిజమైన కొలత

ఒక బస్తా బియ్యము కొనువాడు కాటా ముల్లు నిలిచిన చోటు చూచుకొని గాని సొమ్ము చెల్లింపడు. ఒక యెకరము భూమి కొనువాడు గొలుసు వేయించి, సరిహద్దులు నడచి చూచి, దస్తావేజు చదివించుకొని గాని చేవ్రాలు చేయడు. ఇంతటి జాగరూకత గల మన గృహస్థులే పది పదిహేను లక్షల రూపాయలు వెచ్చించి మోటారుకారు కొనునపుడు, ఆ బండి యెంత కాలములో నెంత వేగము నందుకొనగలదను విషయమున అమ్మకందారు నోటిమాటను, ప్రకటనలోని యంకెను నమ్మి యూరకుండుచున్నారు. "సున్న నుండి నూఱు కిలోమీటర్ల వేగమునకు పది సెకండ్లు" అని యచ్చులో కనబడగానే అది పరీక్షకు నిలిచిన సత్యమని తలంచుచున్నారు. ఆ పది సెకండ్లను ఎవరు కొలిచిరి? ఎట్టి నేలపై కొలిచిరి? బండిలో నెందఱు కూర్చుండిరి? అని యడుగువారు అరుదు. అడిగినవారికి సరియైన బదులు లభించుట యింకను అరుదు.

ఇది కలవారి బిడ్డల వినోదమునకు సంబంధించిన ముచ్చట యని కొందఱు తోసివేయవచ్చును. వేగమువలన దేశమునకు కలుగుచున్న హాని యెఱిగినవారికి అట్లు తోచుట సహజమే. కేంద్ర రోడ్డు రవాణా శాఖవారి నివేదిక ప్రకారము 2022వ సంవత్సరమున ఈ దేశపు రహదారులపై 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. అందు నూటికి 71 మంది మరణమునకు అతివేగమే కారణమని ఆ నివేదికయే చెప్పుచున్నది. ఇట్టి దేశమున బండి యెంత వడిగా పరుగెత్తునో కొలుచుట యేల యను ప్రశ్న న్యాయమైనదే. కాని గరిష్ఠవేగము వేఱు, వేగము పెరుగు తీరు వేఱు. ఈ రెండవదానినే శాస్త్రజ్ఞులు త్వరణ మందురు. గంటకు 180 కిలోమీటర్లు పరుగెత్తగల శక్తి మన రోడ్లపై ఎవనికిని అక్కఱకు రాదు. గంటకు 40 నుండి 60 కిలోమీటర్లకు చేరుటకు పట్టు కాలమన్ననో, లారీని దాటబూనిన ప్రతి సంసారికిని, ఆ బండిలో కూర్చున్న పిల్లలకును ప్రాణముతో ముడిపడిన విషయము.

ఈ మాట అతిశయోక్తి కాదని చూపుటకు చిన్న లెక్క చాలును. రెండు వరుసల రోడ్డుపై ఒక లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుచున్నది. వెనుకనున్న కారు అదే వేగమునుండి 60కి పెంచి దానిని దాటవలెను. లారీ నిడివి, కారు నిడివి, ముందు వెనుకల విడువవలసిన యెడము కలిపి 35 మీటర్లనుకొందము. 40 నుండి 60కి చేరుటకు 3 సెకండ్లు పట్టు కారు ఆ దాటుట 7.8 సెకండ్లలో ముగించును. 6 సెకండ్లు పట్టు కారునకు 9.3 సెకండ్లు కావలెను. తేడా యొకటిన్నర సెకండు మాత్రమే. కాని యెదుటనుండి వచ్చు బండియు 60 కిలోమీటర్ల వేగమున వచ్చుచున్నచో, ఆ యొకటిన్నర సెకండులో రెండు బండ్ల నడుమ నున్న దూరము 50 మీటర్లు తఱిగిపోవును. ఆ యేబది మీటర్లు ఉన్నవా లేవా యనునదే యిల్లు చేరుటకును ఆసుపత్రి చేరుటకును గల భేదము.

రోడ్లు నిర్మించువారు గూడ త్వరణమును లెక్కలోనికి తీసికొనియే దారులను రూపొందించుచున్నారు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి ప్రమాణముల ప్రకారము, 40 కిలోమీటర్ల వేగమునకు రూపొందించిన దారిలో ముందుబండిని దాటుటకు 165 మీటర్లును, 80 కిలోమీటర్ల దారిలో 470 మీటర్లును కనుచూపు మేర యుండవలెను. మన ఇంజనీర్లు చదువు గ్రంథములలో ఇట్టి లెక్కలకు 40 కిలోమీటర్ల వేగముకడ త్వరణము సెకండు సెకండునకు 1.24 మీటర్లని తీసికొందురు. ఈ లెక్కనుబట్టి 40 నుండి 60కి చేరుటకు సుమారు నాలుగున్నర సెకండ్లు చాలవలెను. పైన చెప్పిన రెండవ కారు ఆ మాత్రమును అందుకొనలేకున్నది. దారి వేసినవాడు ఒక లెక్క వేసికొనగా, బండి మఱియొక లెక్కలో నడచుచున్నది. నడపువానికి రెండు లెక్కలును తెలియవు.

ఈ కొలతకు చరిత్ర లేకపోలేదు. ఇంగ్లండున ఆటోకార్ పత్రికవారు 1928లోనే కార్లను క్రమబద్ధముగా రోడ్డుపై పరీక్షించి ఫలితములు ప్రకటింప మొదలిడిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప అమెరికాలో టామ్ మెకాహిల్ అను రచయిత సున్న నుండి 60 మైళ్ళ వేగమునకు పట్టు కాలమును కొలుచు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. నాడు బండి వెనుక సైకిలు చక్రము వంటి "అయిదవ చక్రము"ను తగిలించి, అది తిరుగు తీరునుబట్టి నిజవేగమును లెక్కించెడివారు. నేడు ఉపగ్రహ సంకేతముల నాధారముగా చేసికొను యంత్రములు సెకండునకు పది యిరువది మారులు వేగమును నమోదు చేయుచున్నవి. సాధనము మెఱుగుపడినది. సాధనమును వాడు నియమములు మాత్రము దేశమున కొకటి, పత్రిక కొకటిగా నున్నవి.

అమెరికా పత్రికలు పలువురు బండి కదలిన వెంటనే గడియారమును నడిపింపరు. పందెపు బాటలలో చక్రము కాంతిరేఖను దాటినపుడే కాలము మొదలగును గాన, ఆ యాచారము ననుసరించి మొదటి అడుగు దూరమును విడిచిపెట్టుదురు. దీనివలన ఫలితము సెకండులో నాల్గవ వంతు వఱకు తగ్గి కనబడును. ఇంతేకాక, 60 మైళ్ళ వేగమనగా 97 కిలోమీటర్లు కూడ నిండవు. అక్కడి యంకెను ఇక్కడి నూఱు కిలోమీటర్ల యంకెతో సరిచూచుట మణుగును టన్నుతో సరిచూచుట వంటిది.

నేల వాలును తక్కువగా ఎంచరాదు. పది సెకండ్లలో నూఱు కిలోమీటర్ల వేగము నందుకొను బండిని నూటి కొక వంతు పల్లమున్న దారిపై పరీక్షించినచో సుమారు సెకండులో మూడవ వంతు కలిసివచ్చును. వెనుకగాలియు నట్లే తోడ్పడును. కావుననే నిజాయితీగల పరీక్షకులు ఒకే దారిపై రెండు దిక్కులను పరుగెత్తించి సగటు తీయుదురు. ఇక బండిలోని వేగసూచిని చూచి చేతిగడియారముతో కొలుచుట మిక్కిలి మోసకరము. ఐక్యరాజ్యసమితి వాహన నియమములలో 39వ దాని ప్రకారము వేగసూచి నిజవేగముకన్న తక్కువ చూపరాదు. ఎక్కువ చూపుటకు మాత్రము నూటికి పది, దానిపై నాలుగు కిలోమీటర్ల వఱకు సందు గలదు. ముల్లు నూఱు చూపునప్పటికి నిజవేగము 95 మాత్రమే యైనచో పది సెకండ్ల బండి తొమ్మిదిన్నర సెకండ్ల బండిగా కీర్తి నార్జించును. నేడు చరవాణి చిత్రములలో తిరుగు ఫలితములు పెక్కు ఇట్టివే.

అన్నిటికన్న పెద్ద యంతరము బరువునందు గలదు. 900 కిలోల చిన్నకారును 70 కిలోల పరీక్షకు డొక్కడే నడిపినపుడు మొత్తము 970 కిలోలు. అదే కారులో అయిదుగురు కూర్చుండి, 50 కిలోల సామాను వేసికొని పెండ్లికి బయలుదేరినచో 1,300 కిలోలు. ఇంజను బలము మాఱలేదు. బరువు మూడవ వంతు పెరిగినది. ఒంటరిగా 12 సెకండ్లు పట్టిన పరుగునకు ఇప్పుడు సుమారు 16 సెకండ్లు పట్టును. శీతలయంత్రము నడచుచున్నచో ఆ బలములో మఱికొంత దానికి పోవును. ఎత్తయిన ప్రదేశములందు గాలి పలుచనగును గాన, టర్బో లేని పెట్రోలు ఇంజను వేయి యడుగుల కొకసారి నూటికి సుమారు మూడు పాళ్ళ బలము కోల్పోవును. సుమారు 900 మీటర్ల యెత్తుననున్న అరకులోయ చేరునప్పటికి దాదాపు పదియవ వంతు బలము తఱిగి యుండునన్న మాట. విద్యుత్తు బండ్లకు ఎత్తువలన నిట్టి నష్టము లేదు గాని, బ్యాటరీ అడుగంటిన కొలది వాని చుఱుకుదనము తగ్గును.

ఈ కారణములచేత మేము కోరు కొలత ప్రకటనలలోని కొలత కాదు. క్లచ్చి కాలిపోవునట్లు ఇంజనును హోరెత్తించి ఒక్కమారుగా వదలుట ఏ గృహస్థుడును చేయు పని కాదు. నిలిచిన చోటునుండి నూఱునకు చేరుట కన్న, నడచుచున్న బండి 20 నుండి 80కి, 40 నుండి 100కి చేరు కాలము మనకు ముఖ్యము. మన దేశపు మోటారు పత్రికలలో కొన్ని ఒకే గేరులో నిట్టి కొలతలు తీసి ప్రకటించుచుండుట ప్రశంసనీయము. వీనికి నిండు బరువు, నడచుచున్న శీతలయంత్రము, రెండు దిక్కుల సగటు అను మూడు నియమములు చేర్చినచో ఆ యంకె కొనువానికి నిజమైన సాక్ష్యమగును.

ఇది ఎవరికి వారు రోడ్డుపై తేల్చుకొనదగిన విషయము కాదని యువకులు గుర్తింపవలెను. మోటారు వాహనముల చట్టము 189వ విభాగము రాష్ట్ర ప్రభుత్వపు లిఖితపూర్వకమైన యనుమతి లేక బహిరంగస్థలమున పందెములనే గాక వేగపరీక్షలను గూడ నిషేధించుచున్నది. 2019 సవరణతో ఈ నేరమునకు జుల్మానా మొదటిమారు 5,000 రూపాయల వఱకు, మరల చేసినచో 10,000 వఱకు పెరిగినది, చెఱసాలయు గలదు. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల వలయ రహదారి ప్రజల రాకపోకలకై వేసినది గాని గడియారము పట్టుకొని పరుగులు తీయుటకు గాదు.

పరీక్షకు తగిన స్థలములు దేశమునకు కఱవా? మధ్యప్రదేశమున ఇందూరు చెంత పీతంపురములో 11.3 కిలోమీటర్ల పరీక్షాపథము 2021లో ప్రారంభమైనది. ఆసియాఖండమున అంత నిడివిగలది మఱియొకటి లేదని నాడు ఘనముగా చెప్పుకొంటిమి. చెన్నపట్టణమునకు చేరువ ఒరగడములో మఱియొక పరీక్షాకేంద్రము గలదు. పుణెలో 1966 నుండి పనిచేయుచున్న ఆరాయి సంస్థ లీటరు నూనెకు బండి యెన్ని కిలోమీటర్లు నడచునో పరీక్షించి ధ్రువపఱచుచున్నది. 2023లో మొదలయిన భారత్ ఎన్‌క్యాప్ తాకిడి పరీక్షలు బండ్లకు నక్షత్రముల నిచ్చుచున్నవి. తాకిడి జరిగిన పిదప ప్రాణము నిలుచునా యని పరీక్షింప నేర్చిన దేశము, ఆ తాకిడిని తప్పించుకొను శక్తి బండికి గలదా యని పరీక్షింపజాలదా? ప్రజాధనముతో కట్టిన పథములు ప్రజల కొఱకును కొంత పనిచేయవలదా?

అంకెలు ప్రకటించినచో వేగోన్మాదము హెచ్చునను శంక యొకటి గలదు. ఇప్పుడు ఉన్మాదమును పెంచుచున్నది అరకొఱ యంకెయే. ఒంటరిగా నుండగా మూడు సెకండ్లలో జరుగు పని, కుటుంబముతో నుండగా నాలుగు సెకండ్లు గోరునని యచ్చులో చూచినవాడు లారీ వెనుక ఒక నిమిషము ఓర్చుకొనును. తెలియనివాడే తెగించును. మఱియు కొత్త విద్యుత్తు కార్లు కొన్ని కాలు మోపినంతనే దుముకుచున్నవి. పాత బండ్లకు అలవడిన నడపరి ఆ దుముకును ముందుగా నెఱిగియుండుటయు అవసరమే. మందకొడితనమువలె మితిమీఱిన చుఱుకుదనమును గూడ కొలతయే బయటపెట్టును.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము, కొనువానికి వస్తువు నాణ్యతను, ప్రమాణమును తెలిసికొను హక్కు గలదని స్పష్టముగా చెప్పినది. ఆ హక్కు కాగితముపై నిలిచిపోరాదు. కేంద్ర ప్రభుత్వమువారు ప్రతి కారునకును నిండు బరువుతో 40 నుండి 80కి పట్టు కాలమును నిష్పాక్షికమైన సంస్థచే కొలిపించి, మైలేజి యంకె ప్రక్కనే అచ్చువేయింప నిర్బంధింపవలెను. అంతవఱకు కొనువారు ఊరకుండ నక్కఱలేదు. అంగడికి పోయినపుడు, ఆ యంకె యెట్లు కొలిచినదో, ఎంత బరువుతో కొలిచినదో వ్రాసియిమ్మని అడుగవలెను. కాటా చూడనిదే బియ్యము కొననివారు ఈ మాత్ర మడుగుటకు వెనుదీయరని మా నమ్మకము.