మాయాబజారును, మన పాఠశాల నాటకమును

ఇటీవల పాఠశాలల వార్షికోత్సవములందు నాటకమునకు చోటు తఱుగుచున్నది. చలనచిత్రపు పాట యంత్రమునుండి వినవచ్చుచుండగా బాలబాలికలు పెదవులు కదలించుచు నృత్యము చేయుట పరిపాటియైనది. చూచు తల్లిదండ్రులకు అది ముచ్చటగనే యున్నది. ఆ ముచ్చటను మేమును కాదనము. కాని యేటేట ఒక్క హాస్యనాటకమునైనను పిల్లలు తమ కంఠములతో పాడి, తమ నోటి మాటలతో ఆడవలెనని మా దృఢాభిప్రాయము. ఇందులకు మేము చలనచిత్రమునే సాక్ష్యముగ పిలుచుచున్నాము.

మాయాబజారు చిత్రము నెఱుగని తెలుగు ఇల్లు అరుదు. 1957 మార్చి 27న విడుదలయైన యీ చిత్రమునకు దర్శకులు తాడిపత్రిలో జన్మించిన కదిరి వెంకటరెడ్డిగారు. మాటలును పాటలును పింగళి నాగేంద్రరావుగారివి. శశిరేఖ కథ వ్యాసభారతమున లేదు. అది జనుల నోట పుట్టి, రంగస్థలముపై పెరిగినది. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామమున మొలకెత్తిన సురభి నాటక సమాజములవారు దానిని ఊరూర నాడి ప్రసిద్ధికి తెచ్చిరి. తెలుగు నాటకమునకు పాటల సొగసు కూర్చిన వారిలో ప్రముఖులగు ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు (1853–1912) బుక్కపట్నమునకు పొరుగుననున్న ధర్మవరమున పుట్టినవారే. కావున నాటకము మనకు పరాయి సొత్తు కాదు. మన సీమ పంటయే.

చిత్రమున మనలను మిక్కిలి నవ్వించునది ఏది? మార్కస్ బార్ట్లీగారి ఛాయాగ్రహణ నైపుణ్యము అద్భుతమే. కాని శశిరేఖ రూపము దాల్చిన ఘటోత్కచుని పాత్రను సావిత్రిగారు నటించిన ఘట్టమును తలచుకొనుడు. సుకుమారియగు కన్య ఒక్కసారి రాక్షసునివలె కనుబొమలు ముడిచి, అంతలోనే సిగ్గు నటించును. అందలి నవ్వునకు మూలము యంత్రము కాదు. నడక, చూపు, కంఠస్వరము. ఇది రంగస్థల విద్య. ధనము లేని పాఠశాలలోని బాలికకును శ్రమించిన అలవడునది.

ఆ నవ్వు ఎవరిపైనో కూడ గమనింపదగును. పాండవులు రాజ్యము కోల్పోగానే బలరాముని యింట సుభద్రకు మర్యాద తగ్గును. మేనల్లుని కాదని, సంపదగల లక్ష్మణకుమారునికి పిల్లనీయ నిశ్చయింతురు. పేదయైన అభిమన్యుని చూచి ఎవరును నవ్వరు. డాంబికుడైన పెండ్లికుమారుని చూచి అందఱు నవ్వుదురు. కలిమి యున్ననాడు చుట్టఱికము కలుపుకొని, లేనినాడు మొగము చాటుచేయు పెద్దలు నేడును లేకపోలేదు. కట్నములను గూర్చి గంటసేపు చేయు ఉపన్యాసము చెవిని సోకకపోవచ్చును. ఈ నవ్వు మాత్రము ఇంటిదాక వెంటవచ్చును.

మిషను పాఠశాలకు హాస్యము తగదని కొందఱు పెద్దల శంక. గర్వమును చూచి నవ్వుట ఏ మతమునకును విరుద్ధము కాదు. క్రిస్మసు పండుగనాడు గొల్లలుగను జ్ఞానులుగను వేషములు ధరించు పిల్లలకు నాటకము క్రొత్తదియు కాదు. చదువు చెడునను శంకకు మా సమాధానమిది: పాఠమును బిగ్గఱగ చదువ వెఱచు బాలుడు వేషము వేసికొని పది వాక్యములు తప్పులేక చెప్పినచో, వాని ఉచ్చారణ చక్కబడును, భయము తీఱును. ఎదుటివాని మాట ముగియువఱకు వేచియుండుటయు నేర్చును. ఇక వ్యయమందురా? ఒక పందిరియు, రెండు తెఱలును, ఒక హార్మోనియమును చాలును.

చలనచిత్రమును చూడవలదని మేము చెప్పుట లేదు. చూచి, దానికి తల్లియైన నాటకమును మఱువవలదని చెప్పుచున్నాము. సురభి కుటుంబములు కొన్ని యిప్పటికిని మాయాబజారు నాటకమును ఆడుచున్నవి. వీలైన తల్లిదండ్రులు పిల్లలను తోడ్కొనిపోయి దానిని చూపింతురుగాక. ఉపాధ్యాయులు రాబోవు వార్షికోత్సవమున అరగంట కాలమును నాటకమునకు విడిచి యుంచుదురుగాక. విద్యార్థులారా, ఆ అరగంటను నింపు భారము మీది.