వ్రాతకు సాదా పనిముట్టే మేలు

ప్రోగ్రాములు వ్రాయువారిలో తమ పనిని గురించి మాటలలో వ్రాయువారు తక్కువ. యంత్రమునకు చెప్పవలసినది చెప్పిన తరువాత మనుష్యునకు చెప్పవలసినది ఇంకొకటి మిగిలియున్నదని చాలమందికి తోచదు. ఒక దోషము మూడు దినములు ఎందుకు చిక్కలేదు? తుదకు ఏ ఆలోచనవలన చిక్కినది? రెండు మార్గములుండగా ఒకదానిని ఎందుకు విడువవలసివచ్చినది? ఇవి ప్రోగ్రాములో కనిపించవు. చేసిన పని ప్రోగ్రాములో ఉండును. చేయక విడిచినదానికి కారణము వ్రాసినవాని మనస్సులోనే ఉండును. అది అక్షరబద్ధము కానిచో కొన్ని నెలలకు అతనికే జ్ఞాపకముండదు. కావున ప్రోగ్రామరు తన అనుభవములను తన పేరుతో వ్రాసి నలుగురికి అందుబాటులో నుంచుట మంచి అలవాటు.

ఈ మాటను కాదనువారు లేరు. అయినను ఇట్టి వ్రాత మొదలుపెట్టినవారిలో పలువురు నాలుగైదు వ్యాసములతో ఆగిపోవుచున్నారు. తీరిక లేకపోవుట ఒక కారణము. వ్రాతకంటె దాని సరంజామాయే బరువగుట అంతకంటె పెద్ద కారణమని నా అభిప్రాయము. వ్యాసములను దాచుటకు ఒక డేటాబేసు. దానిని నడుపుటకు ఒక సర్వరు. పుటలను అలంకరించుటకు ఒక థీము. దానికి తోడు పది ప్లగిన్లు. వీనిలో ఏ ఒక్కటి మారినను మిగిలినవానిని సవరింపవలెను. సవరింపకున్న దొంగలకు తలుపు తెరచినట్లగును. ఆదివారమునాడు వ్రాయుటకు కూర్చున్నవాడు సాయంకాలమువరకు మరమ్మతు చేసి లేచును. ప్రోగ్రామరునకు ఇందు మరియొక ప్రమాదము కలదు. మరమ్మతు అతనికి ఇష్టమైన పని. దినమంతయు శ్రమించితినన్న తృప్తి మిగులును. వ్యాసము మాత్రము మిగులదు.

దీనికి భిన్నమైన మార్గమును చూపినవాడు డచ్చి దేశీయుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. కంప్యూటరు శాస్త్రమునకు పునాదులు వేసినవారిలో ఒకడైన ఈయన 2002లో మరణించువరకు తన ఆలోచనలను చిన్నచిన్న వ్యాసములుగా వ్రాసి, ప్రతిదానికి తన పేరులోని పొడి అక్షరములతో ఒక సంఖ్య వేసినాడు. అట్టివి 1,300కు పైబడినవి. అనేకము ఫౌంటెన్ పెన్నుతో వ్రాసినవే. వానికి నకళ్లు తీయించి మిత్రులకు తపాలాలో పంపెడివాడు. వారు మరల నకళ్లు తీసి ఇతరులకు పంచెడివారు. నేడవి టెక్సస్ విశ్వవిద్యాలయపు భాండారమున ఎల్లరకు లభ్యములు. కలము, కాగితము, వరుస సంఖ్య – ఇంతే ఆయన సరంజామా. వ్రాయనిదినమున దానిని బాగుచేయుచు కాలము గడుపుటకు అందేమియు లేదు.

పనిముట్టుమీద శ్రమించుట వ్యర్థమేనా యని కొందరడుగవచ్చును. డొనాల్డ్ క్నూత్ విషయము చూడుడు. 1977లో తన గ్రంథపు కొత్త ముద్రణకు వచ్చిన ప్రూఫులలోని అక్షరముల తీరు నచ్చక, ఆయన అచ్చుకూర్పునకై టెక్ అను సాఫ్ట్‌వేరును తానే నిర్మింప బూనినాడు. త్వరలో ముగియునన్న ఆ పనికి పదేండ్లకు పైగా పట్టినది. అయితే ఆయన ఒకచోట ఆగినాడు. ఇకమీదట దోషములు దిద్దుటయే కాని కొత్త సొగసులు చేర్చుట లేదని 1990లో ప్రకటించినాడు. అందువలన నాడు దానిలో కూర్చిన పత్రములు నేటికిని చెక్కుచెదరక వచ్చుచున్నవి. పనిముట్టునకు గొప్పతనము ఎక్కడ ఆగవలెనో తెలియుటయే.

ఇక వ్రాత మన్నికను గురించి. లక్షలాది వ్యక్తులు తమ వ్రాతలనుంచుకొన్న జియోసిటీస్‌ను దాని యజమానులు 2009లో మూసివేసినారు. స్వచ్ఛందముగా కొందరు పూనుకొని ప్రతులు తీయుటచేత కొంత దక్కినది. తెలుగువారికి ఇట్టి నష్టము మరియొక రూపమున పరిచితమే. 1991లో వెలువడిన యూనికోడు మొదటి ప్రకటనలోనే తెలుగునకు చోటున్నను, అటుపిమ్మట చాలకాలము మన అచ్చుపనిలో అధికభాగము ఒక్కొక్క సంస్థ తన సొంత సంకేతములతో చేసిన ఫాంట్లతోనే సాగినది. ఆ ఫాంటు లేనిచో ఆ ఫైలు నేడు అర్థములేని ఇంగ్లీషు అక్షరముల గుంపు. తాళపత్రములు శిథిలమైనను, లిపి తెలిసినవాడు ప్రతి వ్రాయగలిగెను. 19వ శతాబ్దిలో సి.పి. బ్రౌను పండితులచే ప్రతులు వ్రాయించుటకు లిపిజ్ఞానము చాలినది. మన కాలపు ఫైలునకు లిపిజ్ఞానము చాలదు; పోయిన సాఫ్ట్‌వేరు కూడ కావలెను.

కావున నేను చెప్పు సాదాతనమునకు అర్థమిది. వ్యాసమునకొక ఫైలు, అందు యూనికోడు అక్షరములు తప్ప వేరేమియు ఉండరాదు. ఫైలు పేరులో తేదీ. శీర్షికలకు, ఉద్ఘాటనలకు 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన మార్క్‌డౌన్ గుర్తులు చాలును. వానిని మార్చు ప్రోగ్రాము పోయినను కంటితో చదువుకొనవచ్చును. ఆ ఫైళ్లను పుటలుగా మార్చుటకు ఒక చిన్న ప్రోగ్రాము. ఏ దిద్దుబాటు ఎప్పుడు చేసితిమో తెలియుటకు గిట్, ప్రతులు రెండుచోట్ల. సెర్న్‌లో టిమ్ బర్నర్స్-లీ 1990ల తొలినాళ్లలో సిద్ధపరచిన సాదా పుటలను నేటి బ్రౌజరు సైతము చూపగలుగుచున్నది. ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

పలువురు కలిసి నడుపు పత్రికకు, చందాలు లెక్కవేయవలసిన సంస్థకు పెద్ద సాఫ్ట్‌వేరు అవసరమే, కాదనను. ఒక్కని వ్రాతకు అది పిచ్చుకపై బ్రహ్మాస్త్రము. సాదాతనము కూడ వ్యసనము కారాదు. ఏటేట ఒక చిన్న ప్రోగ్రామును విడిచి మరింత చిన్నదానికి మారుచు, వ్యాసము వ్రాయనివాడు పెద్ద సరంజామా మోయువానికంటె మేలైనవాడు కాడు.

ఈ వారము ఒక కష్టమైన దోషమును దిద్దిన ప్రోగ్రామరు ఏ సాఫ్ట్‌వేరు మంచిదని విచారింప నక్కరలేదు. ఒక ఫైలు తెరచి, తేదీ వేసి, ఆ దోషము ఎట్లు దొరికినదో పది వాక్యములు వ్రాయవలెను. అలంకారము తరువాత చూచుకొనవచ్చును.