పోలెండు దేశపు స్వరకర్త్రి గ్రజీనా బట్సేవిచ్

అన్యదేశములందు విద్యచేతను, కళచేతను పేరుగాంచిన వనితల చరిత్రములను ఈ శీర్షిక క్రింద ప్రకటించుచుండుట మా సోదరీమణు లెరిగినదే. ఈ మాసమున ఇరువదవ శతాబ్దమునకు చెందిన సంగీతవిదుషి గ్రజీనా బట్సేవిచ్ వృత్తాంతమును వ్రాయ నెంచితిమి. పోలెండు అనినంతనే పాశ్చాత్యసంగీతము నెరిగినవారికి షోపాన్ అను పియానో విద్వాంసుడు స్ఫురించును. ఆయన 1849లో గతించెను. సరిగా 60 సంవత్సరములకు పిమ్మట ఆ దేశముననే ఈమె పుట్టినది. పురుషులే ఏలుచుండిన రంగమున ఈమె "స్త్రీ యయ్యు బాగుగ వ్రాసినది" అను జాలిమెప్పుతో తృప్తిపడక, "బాగుగ వ్రాసినది" అను నిండుమెప్పును సంపాదించుకొనెను.

చరిత్రమునకు ముందు ఒక్క మాట చెప్పవలసి యున్నది. మన సంగీతమున వాగ్గేయకారుడు పాటను, దాని వరుసను కల్పించును. గాయకుడు తన మనోధర్మము ననుసరించి దానిని పెంచి పాడును. ఐరోపాఖండపు పద్ధతి వేరు. అచ్చట స్వరకర్త యనగా, పదులకొలది జనులు కూడి వాయించు వాద్యబృందమున ఏ వాద్యము ఏ క్షణమున ఏ స్వరమును ఎంత మెల్లగ, ఎంత గట్టిగ పలుకవలెనో అంతయు ముందుగనే కాగితముపై వ్రాసి యిచ్చువాడు. వినుటకు పావుగంట పట్టు కృతి వ్రాయుటకు నెలలు పట్టవచ్చును. ఇందులకు ప్రజ్ఞ యెంత కావలెనో తీరికయు నంత కావలెను. ప్రజ్ఞ గల స్త్రీలు ఎల్ల దేశములందును కలరు. వారికి దుర్లభమైనది తీరిక. గ్రజీనా జీవితమంతయు ఈ తీరికను సంపాదించుకొనుటకై జరిపిన ప్రయత్నమని మాకు తోచుచున్నది.

ఈమె 1909వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన ఊచ్ అను నగరమున జన్మించెను. ఆ కాలమున పోలెండు స్వతంత్రరాజ్యము గాదు. ఆ నగరము రష్యా చక్రవర్తి యేలుబడిలో నుండెను. తండ్రి వింసెంతి లిథువేనియా దేశీయుడు, సంగీతోపాధ్యాయుడు. తల్లి మారియా పోలిష్ వనిత. నలుగురు బిడ్డలలో గ్రజీనా మూడవది. పియానోకును, వయొలిన్‌కును తండ్రియే తొలిగురువు. ఆ యింట సంగీతము పండుగనాటి వేడుకగా గాక, నిత్యకృత్యముగా నుండెను. అన్న కెయిస్తుత్ పియానో విద్వాంసుడై, తరువాత చెల్లెలి కచ్చేరీలలో ఆమె ప్రక్కన కూర్చుండి వాయించెను. రెండవ యన్న వితౌతస్ తండ్రి దేశమైన లిథువేనియాకు పోయి అచ్చటి స్వరకర్తగ పేరుపొందెను. చెల్లెలు వాండా కవయిత్రి యయ్యెను. ఒక తల్లి కడుపున పుట్టిన ఇరువురు స్వరకర్తలను నేడు రెండు దేశములు తమవారని చెప్పుకొనుచున్నవి.

గ్రజీనా ఏడవయేటనే సభలో వాయించెను. పదుమూడవయేట పియానోకై చిన్నకృతులు వ్రాసెను. పిదప వార్సా నగరమున సంగీతకళాశాలలో చేరి కజిమీర్ష్ సికోర్‌స్కీ కడ స్వరరచనను, యూజెఫ్ యార్జెంబ్‌స్కీ కడ వయొలిన్‌ను, యూజెఫ్ తుర్చిన్‌స్కీ కడ పియానోను అభ్యసించెను. ఇవి చాలవని విశ్వవిద్యాలయమున తత్త్వశాస్త్రమును గూడ చదువ నారంభించెను. కాని పగలు రాత్రి కష్టించినను నాలుగు విద్యలకు కాలము చాలలేదు. మొదట తత్త్వశాస్త్రమును, తరువాత పియానో తరగతిని వదలుకొనెను. తరగతి మానినను పియానోను మానలేదు. జీవితాంతము ఆ వాద్యము ఆమె చేతిలోనిదే. 1932లో వయొలిన్‌లోను స్వరరచనలోను పట్టములను పొందెను.

అంతట ప్రసిద్ధ పియానో విద్వాంసుడును, స్వతంత్ర పోలెండునకు ఒకప్పుడు ప్రధానమంత్రియు నైన పాదెరెవ్‌స్కీ మహాశయుడు ధనసహాయము చేయగా ఆమె పారిసు నగరమునకు పోయెను. అచ్చట నాదియా బులాంజే అను విదుషి స్వరరచన బోధించుచుండెను. ఇరువదవ శతాబ్దపు స్వరకర్తలలో ఎందరో ఈ స్త్రీ గురుత్వమున తేలినవారే. 1933లో గ్రజీనా ఐదు ఊదువాద్యములకై రచించిన కృతికి పారిసులో ప్రథమ బహుమానము లభించెను. స్వతంత్రవృత్తులు గల స్త్రీలకు తోడ్పడుటకై వెలసిన సంఘమే ఆ పోటీని నడపినది. చేయిపట్టి పైకి తెచ్చినవారు పెక్కుసారులు సాటి స్త్రీలే యగుట ఇచ్చట గుర్తింపదగినది.

1935లో వార్సాలో వియన్యావ్‌స్కీ పేర మొట్టమొదటి అంతర్జాతీయ వయొలిన్ పోటీ జరిగెను. ఫ్రాన్సు దేశపు పదునైదేండ్ల బాలిక జినెత్ నవో ప్రథమ బహుమానమును, సోవియట్ విద్వాంసుడు డేవిడ్ ఓయిస్త్రాఖ్ ద్వితీయ బహుమానమును పొందిరి. ఆ మహామహుల నడుమ గ్రజీనాకు ప్రశంసాపత్రము లభించెను. మరుసటియేడు అంద్జెయ్ బెర్నాత్‌స్కీ అను వైద్యుని వివాహమాడెను. అదే యేడు గ్జెగోష్ ఫితెల్‌బెర్గ్ నాయకత్వమున పోలిష్ రేడియో వాద్యబృందమున ప్రధాన వయొలిన్ స్థానమున కూర్చుండి, 1938 వరకు పనిచేసెను. బృందము నడుమ దినదినము కూర్చుండుటచే ఏ వాద్యమునకు ఏ స్వభావము కలదో, ఏది దేనితో కలిసిన ఇంపుగ నుండునో ఆమెకు చెవిసొమ్మయ్యెను. వంట తెలిసిన యిల్లాలికి ఏ దినుసు ఎంత వేయవలెనో చేతికే తెలిసినట్లు, ఈ యనుభవము తరువాతి రచనలన్నింటను కనబడును.

1939 సెప్టెంబరు 1వ తేదీన జర్మనీ సేనలు పోలెండుపై పడినవి. ఆ ప్రభుత్వము సంగీతకళాశాలలను మూయించెను. దేశభక్తిని రేపు పోలిష్ సంగీతమును బహిరంగముగ వాయింపరాదని నిషేధించెను. వార్సా విద్వాంసులు ఇండ్లలో తలుపులు మూసికొని రహస్యముగ కచ్చేరీలు చేయసాగిరి. పట్టుబడిన ప్రాణములకే ముప్పు. ఆ కచ్చేరీలలో గ్రజీనాయు వాయించెను. పెద్దబృందము కూడుటకు వీలులేని దినములలో 1943లో ఇరువురు మాత్రము వాయింపదగిన కృతిని రెండు వయొలిన్‌లకై రచించెను. అంతకు ముందటి యేడే ఆమెకు అలీనా అను కుమార్తె కలిగెను. చంటిబిడ్డ, యుద్ధము, నిషేధము ఇవి యన్నియు నుండగనే కలము ఆగలేదు.

1944లో వార్సా ప్రజలు జర్మనీవారిపై తిరుగబడిరి. రెండు నెలల పోరు పిదప నగరము ధ్వంసమైనది. వేలకొలది పౌరులతోబాటు గ్రజీనా కుటుంబమును ప్రుష్కూఫ్ శిబిరమునకు చేర్చబడినది. రెండేండ్ల బిడ్డ, గాయపడిన చెల్లెలు ఆమె సంరక్షణలో నుండిరి. యుద్ధము ముగిసిన 1945లోనే క్రాకూఫ్ నగరమున జరిగిన సంగీతోత్సవమున ఆమె యుద్ధకాలమున వ్రాసిన వాద్యబృంద కృతిని వినిపించిరి. అందు ఏడ్పు లేదు, పరుగు కలదు. విన్నవారికి ధైర్యము కలిగించు కృతి యది.

పిమ్మటి పదియేండ్లు కీర్తి వెల్లువగ వచ్చెను. కేవలము తంత్రీవాద్యములకై 1948లో వ్రాసిన కన్సెర్టో 1950లో ప్రభుత్వ బహుమానమును పొందినది. 1952లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో వాయింపబడినది. 1951లో బెల్జియమునందలి లియేజ్ నగరపు పోటీలో ఈమె నాలుగవ చతుష్టయమునకు, అనగా రెండు వయొలిన్‌లు, వయోలా, చెల్లో కలిసి వాయించు కృతికి, ప్రథమ బహుమానము లభించెను. పియానోకై రచించిన రెండవ సొనాటాను 1953లో తానే సభయందు తొలిసారి వాయించెను. వయొలిన్ విదుషి యని లోకమెరిగిన స్త్రీ అంత కఠినమైన పియానో కృతిని తానే వ్రాసి తానే వాయించుట విన్నవారికి ఆశ్చర్యమును గొల్పినది. మూడు మాత్రల గతిలో గిరగిర తిరుగు ఓబెరెక్ అను జానపదనృత్యపు నడక ఆ సొనాటా చివరి భాగమున వినవచ్చును.

సరిగ ఈ దశయందే ఆమె గొప్ప నిర్ణయమొకటి చేసికొనెను. ఒకవైపు దేశదేశముల కచ్చేరీలు, రైలుప్రయాణములు, దినదినము గంటలకొలది సాధకము. మరొకవైపు వ్రాయవలసిన కృతులు. వీనికితోడు గృహము, బిడ్డ. 1954లో మోటారు ప్రమాదమున తీవ్రముగ గాయపడి కొంతకాలము మంచము పట్టెను. ఆ దశాబ్దము నడుమ కచ్చేరీ వాద్యమును విరమించి, స్వరరచనయే తన పని యని నిశ్చయించుకొనెను. చప్పట్లను చేతులార వదలుకొనుట తేలిక గాదు. కచ్చేరీ ముగిసినంతనే చెంతకు వచ్చి పొగడువారుందురు. కాగితముపై వ్రాసినది వినబడుటకు ఏండ్లు పట్టవచ్చును. ఐనను నాడు వాయించిన వాద్యము ఆ సభతోనే గాలిలో కలియుననియు, వ్రాసినది నిలుచుననియు ఎరిగిన నిర్ణయమది.

తనలో ఒక చిన్న యంత్రము కలదనియు, ఇతరులకు గంట పట్టు పని దానివలన తనకు పదినిమిషములలో ముగియుననియు ఆమె చెప్పుచుండెడిది. ఇది చమత్కారమే యైనను, ఇందు స్త్రీలకు తెలిసిన సత్యము కలదు. తునుకలు తునుకలుగ దొరకు కాలమును చేజారనీయని అలవాటే ఆ యంత్రము.

1956 నుండి వార్సాలో శరదృతువున నవీనసంగీతోత్సవములు జరుగసాగినవి. సంగీతము సులభముగ, జానపదముగ నుండవలెనను ప్రభుత్వపు ఒత్తిడి సడలి, యువకులు విచిత్రమైన క్రొత్తరీతులను కల్పించిరి. యాబదికి చేరువైన గ్రజీనా వారిని పరిహసింపలేదు, వారిని గ్రుడ్డిగ అనుకరింపనులేదు. నేర్చుకొని తనరీతిగ మలచుకొనెను. తంత్రీవాద్యములకు, ఐదు బాకాలకు, కొట్టువాద్యములకు 1958లో కూర్చిన కృతి 1960లో పారిసున యునెస్కో సభలో తృతీయస్థానమును పొందినది. 1963లో భర్త మరణించెను. రెండేండ్లకు, 1965లో, ఆమె ఏడవ వయొలిన్ కన్సెర్టోకు బెల్జియమున ఎలిజబెత్ రాణి పేరిటి పోటీలో స్వర్ణపతకము లభించెను. 1966 నుండి వార్సాలో స్వరరచనాచార్యపదవి నలంకరించెను. కథలు గూడ వ్రాసెను. 1969 జనవరి 17వ తేదీన, అరువది నిండుటకు కొలదిదినములు ముందుగ, హృద్రోగముచే గతించెను. అప్పుడు వ్రాయుచుండిన నృత్యనాటకము అసంపూర్తిగ నిలిచిపోయెను.

ఏడు వయొలిన్ కన్సెర్టోలును, ఏడు చతుష్టయములును మిగిలినవి. శతజయంతి సందర్భమున పోలెండు దేశీయుడే యైన పియానో విద్వాంసుడు క్రిస్తియాన్ జిమెర్మాన్ ఆమె రెండవ సొనాటాను, రెండు పియానో పంచకములను ముద్రింపజేసెను. ఆ ముద్రణము 2011లో వెలువడినది. దానితో దూరదేశముల శ్రోతలకును ఆమె సంగీతము చేరువయ్యెను. క్రొత్తగ వినగోరు సోదరీమణులు 1948 నాటి తంత్రీవాద్య కన్సెర్టోతో నారంభింపవలెనని మా సలహా. మొదటిసారి వేగమే తోచును. రెండవసారి అందలి క్రమము తెలియును. రెండవ భాగపు మెల్లని నడకలో మనసు నిలిచిపోవును.

ఇంటి పిల్లకు వీణయో, వయొలినో కొని యిచ్చుట సులభము. దినమునకు ఒక గంట ఎవ్వరును పిలువని కాలమును ఆమెకు విడిచిపెట్టుటయే కష్టము. గ్రజీనాకు చిన్ననాడు ఆ గంటను తండ్రి యిచ్చెను; పెద్దయైన పిదప ఆమె తానే తీసికొనెను. మన యిండ్లలో గూడ ఆ గంటను ముందుగ ఇచ్చువారు తల్లులే కావలెనని మా కోరిక.