రిపోర్టు నార్మల్ అయితే నొప్పి అబద్ధమా?



"రిపోర్టులన్నీ నార్మలే. నీకేం లేదు, టెన్షన్ తగ్గించుకో." ఈ మాట వినడానికి మా తమ్ముడు గిద్దలూరు నుంచి నంద్యాలకూ ఒంగోలుకూ ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. మూడేళ్ల కిందట ఎండాకాలంలో వాంతులు, విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులు సెలైన్ ఎక్కించుకున్నాడు. అవి తగ్గాయి గానీ కడుపు మునుపటిలా కాలేదు. ఇప్పటికీ ఒంగోలు బస్సెక్కే రోజు పొద్దున గుక్కెడు టీ కూడా తాగడు. దారిలో ఆపమని అడగడానికి వీలుగా డ్రైవర్ వెనక సీటే చూసుకుంటాడు.

మనం "గ్యాస్" అని తోసిపారేసే ఈ బాధల్లో చాలావాటిని డాక్టర్లు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అంటారు. గుండెకు ఉన్నట్టే పేగుకూ ఒక లయ ఉంది. కండరాల పొరల మధ్య వలలా అల్లుకున్న కాజల్ కణాలు ఆ లయను పుట్టిస్తాయి. చిన్నపేగు మొదట్లో నిమిషానికి దాదాపు 12 అలలు. 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కాజల్ పేరే వీటికి పెట్టారు. పేగులో ఇన్‌ఫ్లమేషన్ వస్తే ఈ వల దెబ్బతిని లయ తప్పుతుందని జంతువుల మీద ప్రయోగాల్లో తేలింది. ఐబీఎస్ ఉన్న కొందరి పెద్దపేగులోనూ ఈ కణాలు తక్కువగా కనిపించాయి. ఇదొక్కటే కారణమని నేననను. నరాలున్నాయి, మనసు ఒత్తిడీ ఉంది. కానీ కొలనోస్కోపీ గొట్టం చూసేది పేగు లోపలి పొరనే. కండరాల నడుమ జరిగేది దానికి కనబడదు. కనబడనిదాన్ని లేదని రోగి మీదికి నెట్టడం అన్యాయం.

విరేచనాలతో మొదలై ఇలా మిగిలిపోయే కడుపు బాధ మా తమ్ముడొక్కడిదే కాదు. 2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్‌లో తాగునీరు కలుషితమై రెండు వేల మందికి పైగా విరేచనాలతో జబ్బుపడ్డారు. ఎనిమిదేళ్ల తర్వాత చూసినా వాళ్లలో కొందరిని ఐబీఎస్ వదల్లేదు. వేసవిలో ట్యాంకర్ నీళ్ల కోసం బిందెలు వరసపెట్టే మన గిద్దలూరు ప్రాంతానికి ఇది దూరపు కథ కాదు. ట్యాంకర్లు కడిగించి, క్లోరిన్ కలిపించి, ఆ తర్వాతే నీళ్లు వదలాలని అధికారులను కోరుతున్నాను.

మలంలో రక్తం పడుతున్నా, బరువు తగ్గిపోతున్నా పరీక్షలు మానకూడదు. అవన్నీ అయ్యాక కూడా నొప్పి ఉందన్నవారిని డాక్టర్లు ఒక్క ప్రశ్న అడగాలి: "ఇది మొదలయ్యే ముందు నీకు విరేచనాలు పట్టుకున్నాయా?" మా తమ్ముణ్ణి ఇంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు.

– ఒక పాఠకుడు, గిద్దలూరు