తల్లి అస్థికలతో వెళ్ళినవాడు

మొన్న మా వీధి కిరాణా కొట్టులో 340 రూపాయలు ఫోన్లో కట్టాను. నా ఖాతాలో తగ్గాయి, కొట్టాయన ఫోన్ మాత్రం మోగలేదు. ఆయన నన్ను చూస్తాడు, నేను ఆయన్ని చూస్తాను. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. "ఉండండి సార్, తిరిగొచ్చేస్తాయి లెండి" అన్నాడు చివరికి ఆయనే, అలవాటైపోయినట్టు. సాయంత్రానికి నిజంగానే వచ్చేశాయి.

డబ్బు ఇక్కడా లేక, అక్కడా చేరక మధ్యలో మాయమైపోకూడదని జీవితమంతా పట్టుబట్టిన మనిషి ఒకాయన ఉండేవాడు. పేరు జిమ్ గ్రే. జనవరి నెలాఖరు వస్తే నాకు ఆయన గుర్తొస్తాడు.

1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఉండటంతో మొదటి మూడేళ్ళలో ఎక్కువ భాగం రోములో గడిచింది. ఇంగ్లీషు కంటే ముందు ఇటాలియన్ మాటలొచ్చాయట. కొన్నాళ్ళకి అమ్మానాన్నలు విడిపోయారు. టీచరైన తల్లితో మళ్ళీ శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. 1969లో బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ డాక్టరేట్ తీసుకున్నాడు. ఆ యూనివర్సిటీ ఆ సబ్జెక్టులో ఇచ్చిన మొదటి డాక్టరేట్ అదే.

ఆయన చేసిన పనేమిటో చెప్పాలంటే రైలు టికెట్ ఉదాహరణ చాలు. సంక్రాంతికి ఒక్క బెర్తే మిగిలింది. విశాఖలో ఒకరు, హైదరాబాదులో ఒకరు ఒకే క్షణంలో బటన్ నొక్కారు. బెర్తు ఒకరికే రావాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటర్‌కి కరెంటు పోయిందనుకోండి. మళ్ళీ లేచాక అది తను అంతకుముందే రాసి పెట్టుకున్న చిట్టా తీసి చూసుకుంటుంది. పని పూర్తయినట్టు అందులో ఉంటే నిలబెడుతుంది. లేకపోతే అసలు మొదలే పెట్టనట్టు తుడిచేస్తుంది. సగం పని అనేది ఉండకూడదు. దీన్నే ట్రాన్సాక్షన్ అంటారు. ఈ పద్ధతికి ఒక రూపం తెచ్చినవాళ్ళలో గ్రే ముఖ్యుడు. 1998లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కంప్యూటర్ల వాళ్ళకి అదే నోబెల్.

1995లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. వాళ్ళ హెడ్డాఫీసు సియాటిల్ పక్కన. ఈయన ఊరు వదిలి వెళ్ళలేదు. కంపెనీయే శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక ల్యాబ్ తెరిచింది. ఆన్‌సైట్ అనగానే సూట్‌కేసు దించే ఇళ్ళు చూసిన నాకు ఇది భలే నచ్చింది. అందరికీ చెల్లే ముచ్చట కాదనుకోండి, ఆ స్థాయి ఉండాలి.

2007 జనవరి 28, ఆదివారం. ఆమధ్యే పోయిన తల్లి అస్థికలు సముద్రంలో కలపడానికి తన తెరచాప పడవలో ఒక్కడే బయల్దేరాడు. ఒడ్డుకి 43 కిలోమీటర్ల దూరంలో ఫారలాన్ దీవులున్నాయి. అక్కడ కలిపి సాయంత్రానికి ఇంటికొచ్చేయాలి. వాతావరణం బాగానే ఉంది. పడవ పేరు టెనేషియస్, అంటే పట్టు వదలనిది.

రాలేదు. కోస్ట్‌గార్డు నాలుగు రోజులు గాలించింది. ప్రమాద సంకేతం లేదు, ఒక్క చెక్క ముక్క తేలలేదు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పై నుంచి తీసిన భూమి ఫొటోలను ఇంటర్నెట్‌లో మామూలు జనం చూసుకునేలా 1998లో టెర్రాసర్వర్ అనే సైటు కట్టినవాళ్ళలో గ్రే ఒకడు. ఇప్పుడు స్నేహితులు శాటిలైట్లతో ఆ సముద్రాన్నే ఫొటోలు తీయించారు. వాటిని ముక్కలు చేసి అమెజాన్ వాళ్ళ సైట్లో పెట్టారు. ఆయన్ని ఎన్నడూ చూడని వేలమంది ఇళ్ళల్లో కూర్చుని, ఒక్కో ముక్కలో పడవలాంటి చుక్క కోసం వెతికారు. ఏ చుక్కా ఆయనది కాలేదు.

భార్యకీ, కూతురికీ మిగిలింది ఎదురుచూపు. 2008 మే 31న బర్క్‌లీలో సభ పెట్టారు. కానీ దాన్ని సంతాప సభ అనలేకపోయారు. మనిషి ఇంకా 'ఆచూకీ లేనివాడే' కదా. చనిపోయినట్టు కోర్టు ప్రకటించింది 2012లో. ఐదేళ్ళు! సగం పని ఉండకూడదన్న మనిషి ఇంట్లో వాళ్ళకి ఐదేళ్ళు అటూ కాదు, ఇటూ కాదు.

మన చట్టంలో ఈ గడువు ఏడేళ్ళు. 1996 నవంబరు తుపానులో మన గోదావరి తీరం నుంచి వేటకెళ్ళిన మత్స్యకారులు వందలమంది తిరిగి రాలేదు. ఆ ఇళ్ళలో బొట్టు ఉంచుకోవాలా, తియ్యాలా? తద్దినం ఏ తిథిన పెట్టాలి? మనిషి దొరకనప్పుడు దర్భలతో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి మన పెద్దలు పెట్టారు. కానీ ఆ బొమ్మ చేద్దామని ముందుగా నోరు తెరిచి అనేదెవరు? తల్లి అంటుందా, పెళ్ళాం అంటుందా?

గ్రే విషయంలో నన్ను వదలనిది ఇంకోటుంది. పడవ దొరకలేదు కనక, తల్లి అస్థికలు కలిపాక పోయాడో, కలపక ముందే పోయాడో చెప్పేవాళ్ళు లేరు. కలిపాకే అయ్యుంటుందని నేను అనుకుంటూ ఉంటాను.